ఆకెయ్యని కట్టె

వికారాబాద్ స్టేషన్ దాటి తాండూరు రోడ్డు పట్టుకుంటే ఎడమ చేతి వైపు బాల్‌రాజ్ సేటు కట్టెల మండి ఉండేది. పొద్దు వాలేసరికి దాని గేటు ముందు ఊళ్లో మేకలన్నీ వచ్చి నిలబడేవి. కట్టెల మండి ముందు మేకలకేం పని అని కొత్తవాళ్లు అడిగితే, నాగవ్వ పని చేసిన చోట ఆకు రాలదా అని ఊరివాళ్లు ఎదురు అడిగేవారు.

నాగవ్వ పని ఏమిటంటే, బండ్ల మీద కలగాపులగంగా వచ్చిన కట్టెలో ఏది ఏ చెట్టుదో చెప్పి వేరు చేయడం. అడవిలో చెట్టును చూసి పేరు చెప్పడం పెద్ద గొప్పేం కాదు. దానికి ఆకుంది, పువ్వుంది, కాయుంది. కొట్టి, చీల్చి, నెలల తరబడి ఎండిన ముక్కను చేతిలో పెట్టి ఇదేమిటో చెప్పమంటే తెలుస్తుంది అసలు సంగతి. నాగవ్వ ముందు బెరడు చూసేది. నల్లమద్దిదైతే మొసలి తోలులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. బెరడు ఊడిపోయుంటే కోసిన కొసను తడివేలితో రుద్ది చేవ రంగు చూసేది, గోటితో గీకి వాసన చూసేది, ఇంకో కట్టెతో కొట్టి చప్పుడు వినేది. ఆ తర్వాత దాన్ని ఒళ్లోకి తీసుకొని పేరు పెట్టి పిలిచేది. "తుమ్మ" అంటే, అది తుమ్మే అయితే, కోసిన కొస నుంచి ఒక సన్నటి ఆకు బయటికి వచ్చేది. "చండ్ర" అంటే చండ్రాకు. పేరు తప్పితే రాదు. ఆకేసిన కట్టె కాంటా మీదికి పోయేది, ఆకు కింద రాలేది, మేకలు తినేవి.

ఆమె మాట మీద చాలా ఇండ్లు నడిచేవి. హోటలు వాళ్లకు నిప్పు నిలిచే తుమ్మ కావాలి. తునికి పొయ్యిలో పెడితే చిటపటలాడి రవ్వలు చీర మీద పడతాయి. మోదుగ భగ్గున మండి బూడిదైపోతుంది, దాన్నే తుమ్మలో కలిపి అమ్మజూసే బండివాళ్లకు కొదవ లేదు. బాలింత ఉన్న ఇంటికి మేడి, జువ్వి లాంటి పాలుగారే చెట్ల కట్టె పోకూడదు, పోతే తల్లికి పాలు ఇంకిపోతాయని అందరికీ భయం. అందుకని కట్టె కొనేవాళ్లు ధర కన్నా ముందు నాగవ్వ ఆకు చూసిందా అని అడిగేవారు.

ఈ విద్య ఆమెకు తల్లి భాగమ్మ నుంచి వచ్చింది. భాగమ్మ ఒక్క మాటే గట్టిగా చెప్పి పోయింది. "తెలిసి తెలిసి తప్పు పేరుతోని పిలువకు బిడ్డా. ఒక్కపారి పిలిచినవంటే ఇగ ఏ కట్టె నీకు పలకదు."

నయా పైసలు కొత్తగా వచ్చిన ఆ ఎండాకాలం నాగవ్వకు కాలు నిలవడం మానేసింది.

అంతకు ముందు ఆమె అసలు కదలని మనిషి. రేకుల కింద ఒకసారి కూర్చుందంటే మళ్లీ దీపాల వేళకే లేచేది. ఏ కట్టె అయినా ఆమె దగ్గరికి రావాల్సిందే. దౌల్తాబాద్ అవతల తల్లి ఇచ్చిపోయిన రాళ్లచెలక పొలం, ఇటు ఈ మండి, ఈ రెండు తప్ప ఆమె ఇంకో దిక్కు ఎరగదు. ఒకసారి బంధువుల పెండ్లికని అందరితో కలిసి పట్నం రైలెక్కి, మొదటి స్టేషన్లోనే దిగి పట్టాల వెంట నడిచి ఇంటికి వచ్చేసింది. ఏమైందని అడిగితే, "కాళ్లు రానంటున్నయి" అంది.

అలాంటి మనిషి ఇప్పుడు తుమ్మ కట్టె చంకలో పెట్టుకొని గేటు దాకా పోతుంది, వస్తుంది, స్టేషన్ దాకా పోతుంది, వచ్చే రైలునూ పోయే రైలునూ చూస్తుంది, మళ్లీ వస్తుంది. అరికాళ్లు ఎవరో కింద నుంచి తోస్తున్నట్టు ఉండేవి. ఆముదం రాసుకుంది. వేపాకు నీళ్లలో పెట్టుకుంది. రాత్రి మంచం కోళ్లకు చీరకొంగుతో కాళ్లు కట్టుకొని పడుకుంటే మంచమే వాకిట్లోకి వచ్చింది.

"జర కూసో నాగవ్వా, నిన్ను చూస్తే నాకు తల తిరుగుతున్నది" అన్నాడు బాల్‌రాజ్ సేటు.

"నాకేమన్న సరదానా సేటూ? కాళ్లు నిలుస్తలెవ్వు. నా లోపలికెల్లి ఏదో గుంజి పారేసినట్టున్నది."

ఈ తిరుగుడు జబ్బు అసలు ఉండాల్సింది ఆమె పెనిమిటి జంగప్పకు. అతను బండివాడు. ఒక్క చోట రెండు పొద్దులుంటే ఒళ్లు నొప్పులంటాడు. బయలుదేరేటప్పుడు "పొద్దుగూకే వరకు వస్త" అంటాడు, ఏ పొద్దో చెప్పడు. నాగవ్వ రోజూ అతని వంతు జొన్నరొట్టె మీద పళ్లెం బోర్లించి పెట్టి, తెల్లారి కుక్కకు వేసేది. ఆ కుక్క బాగా బలిసింది. ఇప్పుడు కూడా కొడంగల్‌లో ఉన్న బిడ్డ జంగమ్మను చూసొస్తానని, పొద్దుగూకే వరకు వస్తానని పోయినవాడు వారం దాటినా జాడ లేడు.

జాడ సోమవారం మధ్యాహ్నం తెలిసింది. అడవి కాపలా చూసే జంగలాతు జవాను శంకరప్ప జంగప్పను, అతని బండిని, ఎద్దులను తోలుకొని తిన్నగా మండిలోకే వచ్చాడు. శంకరప్ప తాండూరు అవతలి వాడు, మాట మధ్యలో కన్నడం దొర్లుతుంది, మనిషి చెడ్డవాడు కాదు.

"నాగవ్వక్కా, నీతోనే పని వడ్డది. నాకా కాడ బండి ఆపిన. మీదంతా తుమ్మనే. కింద చూస్తే గివి ఉన్నయి" అని నాలుగైదు పొట్టి దుంగలు దింపించాడు. వాటికి బెరడు చెక్కేసి ఉంది. "బెరడు తీసిండంటేనే ఏదో ఉన్నట్టు. నేను టేకంటున్న, మీ ఆయన రేల అంటున్నడు."

"రేలనే" అన్నాడు జంగప్ప నేల చూస్తూ.

టేకు సర్కారు చెట్టు. అడవిలో ఉన్నా, సొంత చెలకలో ఉన్నా అడగకుండా గొడ్డలి పెట్టకూడదు. పెడితే బండీ ఎద్దులూ జప్తు, ఆర్నెల్లు జైలు. కిందటి ఎండాకాలమే ఒకతను పోయి వచ్చాడు, వచ్చాక మునుపటి మనిషి కాలేదు.

"గిప్పుడు చెప్పకు అక్కా. రేంజరు దొర బుధవారం పొద్దటి రైలుకు వస్తడు. ఆయన ముందట పిలువు. ఆకు ఏది వస్తే అదే మాట" అని దుంగలను సేటు గదిలో పెట్టించి, బండినీ ఎద్దులనూ మండిలోనే నిలబెట్టించి శంకరప్ప వెళ్లిపోయాడు.

దుంగను గదిలోకి మోసింది నాగవ్వే. చేతిలోకి తీసుకున్న క్షణాన తెలిసింది. చేవ పసుపు కలిసిన గోధుమ రంగు. నూనె రాసినట్టు నున్నగా ఉంది. కొత్త తోలు చెప్పుల వాసన. కళ్లు మూసుకొని అయినా చెప్పగలదు, టేకు. ఆ పట్టుకున్నంతసేపూ ఆమె కాళ్లు కదలకుండా నిలిచాయి. భయానికి బిగుసుకున్నాయేమో అనుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో జంగప్ప రొట్టె ముట్టలేదు.

"రేల అను" అన్నాడు.

"రేల అంటే ఆకు రాదు."

"రాకుంటే రాకపాయె. నాగవ్వ కూడ పోల్చలేదు అనుకుంటరు. నన్ను ఇడిచిపెడ్తరు."

"నన్ను?" అంది నాగవ్వ. "తెలిసి తప్పు పేరు పెడితే నాకు ఇగ ఏ కట్టె పలకదు. పలకకుంటే మండిల నేను దేనికి? మనం ఏం తింటం?"

"నేను జైలుకు పోతే ఏం తింటవు మరి?"

నాగవ్వ లేచి వాకిట్లో తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే అడిగింది, "అనంతగిరి అడవిల కొట్టినవా?"

"అడవిల గాదు. నీ మీద ఒట్టు."

"మరి ఏడ?"

జంగప్ప ఎద్దుల గడ్డి చూసొస్తానని లేచిపోయాడు. ఎద్దులు మండిలో ఉన్నాయి, ఇంటి దగ్గర గడ్డెక్కడిది?

మంగళవారమంతా నాగవ్వ నడిచింది. స్టేషన్ దాకా, బజారు చివరి దాకా, వెనక్కి. మండిలోకి వస్తే జంగప్ప బండి చుట్టూ తిరిగింది, పక్కకు పోదామన్నా కాళ్లు బండి చుట్టే తిప్పాయి. ఆమెకు మొగుడి మీద కోపంగా ఉంది, మొగుడంటే జాలిగా ఉంది. గాలి లాంటి మనిషి, నాలుగు గోడల మధ్య ఆర్నెల్లు ఉంటే ఏమైపోతాడు? "రేల" అని ఎవరికీ వినపడకుండా అనుకొని చూసింది. అంటుంటేనే నోరు చేదుగా అయింది. తల్లి గొంతు చెవిలో వినిపించింది. రెండింట్లో ఏదో ఒకటి పోక తప్పదు, ఏది పోతుందో తనే తేల్చాలి. ఇంత పెద్ద పని తన నోటికి ఎందుకు వచ్చిందని ఆమె ఏడ్చింది కూడా, నడుస్తూనే.

బుధవారం రేంజరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. "అమ్మా, ఆయన మీ ఇంటాయన అని చెప్పారు. ఇబ్బందైతే వేరేవాళ్లను అడుగుతాను" అన్నాడు.

"ఈ పని తెలిసినోళ్లు వేరే లేరు దొరా" అంది నాగవ్వ.

దుంగను ఒళ్లో పెట్టుకుంది. కాళ్లు నిలిచాయి. జంగప్ప బండి చక్రం పట్టుకొని నిలబడి ఆమె మొహమే చూస్తున్నాడు. ఆమె మాత్రం అతని వైపు చూడలేదు. చూస్తే అనలేనని తెలుసు.

"టేకు" అంది.

చక్రం మీద జంగప్ప చెయ్యి జారింది. బాల్‌రాజ్ సేటు కళ్లు మూసుకున్నాడు. శంకరప్ప వంగి కోసిన కొస వైపు చూశాడు. ఆకు రాలేదు.

"ఇంకోపారి పిలువు అక్కా."

"టేకు" అంది మళ్లీ, ఈసారి గట్టిగా. కొస ఎండిపోయినట్టే ఉంది. దుంగ మార్చి ఇంకోదాన్ని ఇచ్చారు. అదీ అంతే. శంకరప్ప అడిగిన పేర్లన్నీ, అతను అడిగాడు గనక అంటున్నానని చెప్పి మరీ పిలిచింది, రేల, మద్ది, బిల్లు, చిందుగ. ఏ పేరుకూ పలకలేదు. నాగవ్వ పిలిస్తే ఆకు రాకపోవడం ఆ మండిలో ఎవరూ చూడలేదు. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

రేంజరు దుంగను తిప్పి తిప్పి చూశాడు. "నా కంటికీ టేకులాగే ఉంది. కాని టేకూ అని పిలిస్తే పలకనిదాన్ని టేకని నేనెట్లా కేసు కట్టేది?" అని బండిని వదిలేయమన్నాడు. తిరుగు రైలుకు టైము ఉందని సేటు దగ్గర చాయ్ తాగి వెళ్లిపోయాడు.

జంగప్పకు విడుదలైతే దొరికింది గాని మండిలో ఒక్కరూ సంబరపడలేదు. హోటలు మనిషి తుమ్మ కొనకుండానే వెళ్లిపోయాడు. "నాగవ్వా, నాలుగొద్దులు ఇంటికాడ ఉండు. పానం బాగలేనట్టున్నది" అన్నాడు సేటు. ఆమె మనసు నొచ్చుకుంది, కొంగు దులుపుకొని గేటు దాటింది.

దుంగలు వేసుకొని బండి ఇంటి ముందు ఆగింది. ఎద్దులను విప్పకుండానే జంగప్ప అడిగాడు.

"నన్ను జైలుకు తోలుదామనే అన్నవు గదా?"

"ఔ. తోలుదామనే అన్న. అది టేకు."

"నాకెర్కనే టేకని."

"గిప్పుడన్న చెప్పు. ఏడ కొట్టినవ్?"

జంగప్ప ఎద్దు మెడ నిమిరాడు. "బండి నొగలు ఇరిగినయి నాగవ్వా, కొడంగల్ పోతుంటే. టేకుతోని చేయించుకుంటే పదేండ్లు చూసే పని ఉండదన్నడు బండ్లు చేసే వడ్లాయన. దౌల్తాబాద్ దగ్గరనే ఉండె. మీ అమ్మ చెలకల, గెట్టు మీద..."

నాగవ్వ వాకిట్లో తిరుగుతున్నదల్లా ఆగింది. ఆ గట్టు మీద ఒకటే చెట్టుంది. నాగవ్వ పుట్టిన రోజు భాగమ్మ ఆమె బొడ్డుతాడును పాతిపెట్టి, దాని మీద నాటిన మొక్క అది. ఆ ఊళ్లో అలాంటి చెట్టును టేకనో వేపనో అనరు. ఎవరి బొడ్డు అక్కడుంటే వాళ్ల పేరుతోనే పిలుస్తారు. చిన్నప్పుడు మేకలు కాసేవాళ్లు "నాగవ్వ నీడన కూసుందాం పా" అనుకోవడం ఆమె చెవులతో విన్నదే.

"చెప్పిన గదయ్యా నీకు. పెండ్లయిన ఏడే చెప్పిన, చూపెట్టిన. ఇది నేనే అని చెప్పిన."

"చెప్పినవు. యాదిల లేకపాయె. టేకు కనవడ్డది, నొగలు కనవడ్డయి. నువ్వు యాదికి రాలె."

ఆమెను బాగా నొప్పించింది ఆ మాటే. కొట్టినందుకు కాదు, కొట్టేటప్పుడు యాదికి కూడా రానందుకు. నాగవ్వ బండిలోంచి ఒక దుంగ గుంజి ఒళ్లో పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి తన పేరు తనే పిలిచింది.

"నాగవ్వా."

కోసిన కొస తడిసింది. ఎర్రటి చిగురు ఒకటి మొలిచి, చూస్తుండగానే విస్తరంత ఆకై ఆమె మోకాళ్ల మీద వాలింది. జంగప్ప దాని అంచు పట్టుకుంటే వేళ్లకు ఎర్రగా అంటింది. తుడుచుకున్నా పోలేదు. అతను ఆ చెయ్యి దాచుకోవడానికి చోటు లేక అలాగే నిలబడ్డాడు.

"నడువు. మొదలు ఎట్లున్నదో చూడాలె" అంది నాగవ్వ, బండెక్కి కూర్చుంటూ.

ఎద్దులు కదిలాక ఆమెకు ఒక సంగతి తెలిసింది. కాళ్లు నిమ్మళంగా ఉన్నాయి. ఇన్నాళ్ల తోపుడు లేదు. తాండూరు దాటుతుంటే, నాపరాళ్ల బండ్ల మధ్య నుంచి పోతుంటే, ఆమె ముందుకు వంగి, అదే చెట్టుతో చేయించి కాడి దాకా బిగించిన కొత్త నొగలను చేత్తో తడిమింది. మసీ నూనె కలిపి నల్లగా పూసినందుకు మండిలో ఎవరి కళ్లూ వాటి మీద పడలేదు. మెల్లగా పేరు పిలిచింది. రెండు నొగల కొసలకూ రెండు ఆకులు వచ్చి ఎద్దుల మెడల మీద నీడ పట్టాయి. ఎద్దు ఒకటి నాకి చూసి గరుకుగా ఉందని వదిలేసింది.

చెలకలో మొద్దు మోకాలెత్తున మిగిలి ఉంది. నాగవ్వ దిగింది. దిగగానే కాళ్లు మళ్లీ తోశాయి, బండి వైపు. అయినా మొద్దు దగ్గరికి పోయి, మీద చెయ్యి పెట్టి పిలిచింది. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత పక్కన, వేరు దగ్గర, మిరపగింజంత ఎర్రటి చిగురు కనిపించింది.

"మేకలు తింటయి" అన్నాడు జంగప్ప.

"తింటయి మరి."

"ఎండాకాలం. నీళ్లు వొయ్యకుంటే మాడుతది."

"మాడుతది."

జంగప్ప గొడ్డలి తీసుకొని పోయి రేగుకంప కొట్టుకొచ్చి మొద్దు చుట్టూ పేర్చాడు. కుండ పట్టుకొని వాగు చెలమ దాకా పోయి వచ్చాడు. నీళ్లు పోసి, చేతులు తుడుచుకొని, "నువ్వు బండి తీస్కపో. నేనుంట" అన్నాడు.

"నువ్వా? ఒక్కకాడ నువ్వుంటవా?"

"జైల్ల వడితే ఆర్నెల్లు కూసునేటోన్నే గదా. గా ఆర్నెల్లు ఈడ కూసుంట."

నాగవ్వకు అతని మీద కోపం పోలేదు. అయినా సద్దిమూట అక్కడ దింపి, బండెక్కి పగ్గాలు పట్టుకుంది. ఆమె ఎన్నడూ బండి తోలకపోయినా ఎద్దులు మాట విన్నాయి.

సేటు పిలవకముందే ఆమె ఊరూరా తిరిగి కట్టె కొట్టే చోటే పేర్లు పిలిచి, ఆకేసిన కట్టెతోనే బండి నింపి మండికి తేవడం మొదలుపెట్టింది. ఆ ఆకులు చూశాక హోటలు మనిషి కూడా మళ్లీ వచ్చాడు. కొడంగల్ పోయింది, కన్నడం మాట్లాడే ఊళ్లకు పోయింది, ఒకసారి పట్నం దాకా పోయి అక్కడి కట్టెలమండిలో బండి విప్పి చార్మినార్ కూడా చూసి వచ్చింది. నొగలకు ఆకులున్న బండి ఏ నాకా దగ్గరికి వచ్చినా, అది నాగవ్వ బండి అని పక్కకు జరిగేవారు. శంకరప్ప ఎదురుపడితే "బాగున్నవా అక్కా" అనేవాడు, నొగల వైపు చూసేవాడు కాదు.

ఆర్నెల్లు గడిచాయి. జంగప్ప రాలేదు. గుడిసె వేసుకున్నాడు, చుట్టూ రాళ్లేరి ఇంత కంది వేశాడు. చిగురు నడుమెత్తు పెరిగింది. నాగవ్వ దౌల్తాబాద్ దిక్కు వచ్చినప్పుడల్లా బండి ఆపి దాని పక్కన నిలబడేది. అక్కడ ఇప్పుడు కాళ్లు ఆమె ఎంతసేపు ఉండమంటే అంతసేపు ఉండేవి. ఆ తర్వాత పోదాం అంటే పోయేవి.

"మల్ల రేంజరు వచ్చి అడిగితే ఏమంటవు?" అన్నాడు జంగప్ప ఒకనాడు, ఆమె ఎద్దులను కడుతుంటే.

"టేకే అంట."

"అంటవు, నాకెర్కనే" అన్నాడు. నవ్వాడు కూడా. కుండ చంకన పెట్టుకొని బండి వెంట గట్టు దాకా నడిచాడు. "మల్లెప్పుడొస్తవ్?"

నాగవ్వ పగ్గాలు కదిలించింది.

"పొద్దుగూకే వరకు వస్త."

దుమ్ము సద్దుమణిగే దాకా జంగప్ప అక్కడే నిలబడ్డాడు. తర్వాత మొక్కకు నీళ్లు పోసి, పొయ్యి ముట్టించి, జొన్నపిండి తడిపాడు. పొద్దుగూకినాక తన రొట్టె తాను తిని, ఆమె వంతు రొట్టె మీద పళ్లెం బోర్లించి పెట్టాడు.